ఐసు బండిలో చిన్నమ్మి

ఒడిశా ఒడ్డున గోపాల్‌పూర్ లైట్‌హౌసుకి అవతల ఉన్న జాలారిపేటలో సగం మందిని ఈ లోకంలోకి వచ్చేటప్పుడు మొదట పట్టుకున్నవి కాసులమ్మ చేతులే. నీలమ్మ ఆశా కార్యకర్తగా వచ్చి, ఆసుపత్రి కాన్పులు మొదలయ్యాక, కాసులమ్మను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పిలవకపోయినా నొప్పులు పడుతున్నవాళ్ళ ఇంటి ముందు నుంచి ఒకటికి రెండుసార్లు నడిచేది. గర్భిణిని బండి ఎక్కించడం చూసి ఇంటికి వచ్చేసేది. తన కోడలు చిన్నమ్మి తొలి కాన్పు మాత్రం తన చేతుల మీదుగానే జరగాలని మొదటి నుంచీ పట్టుగా ఉంది. కొడుకు లక్ష్ముడు సరేనన్నాడు.

రెండువేల పదమూడులో, దసరాల్లో, పెద్ద తుఫాను వస్తోందని మైకుల్లో చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికింకా గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా సముద్రం మాత్రం అడుగు నుంచి ఎవరో తవ్వుతున్నట్టు బురదరంగు తిరిగింది. ఎప్పుడూ వినే అలల చప్పుడు పోయి, వాటి మధ్య పెద్ద ఎడం వచ్చింది. ఆ ఎడంలో పేట అంతా ఊపిరి బిగబట్టి ఉన్నట్టుండేది. ముసలి జాలర్లు ఒడ్డున నిలబడి చూశారు. ఎవరి పడవను వాళ్ళు పైకి లాక్కోవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే నీలమ్మ జీపు తీసుకుని వచ్చింది. లోపల అప్పటికే ఇద్దరు గర్భిణులు మూటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"కాసులత్తా, సిన్నమ్మిని ఎక్కించు. నెలలు దగ్గర పడినోలందర్నీ ముందే ఆసుపత్రికి తెచ్చీమన్నారు."

"దానికింకా నెల పైనే ఉంది. గాలొస్తే షెల్టర్‌కి ఎల్తాం. నానున్నాను కదేటి?"

"నెల ఉన్నాదని కాదత్తా. మొన్న బీపీ సూస్తే శానా ఎక్కువుంది. ఆ కాళ్ళు సూడు, ఎలా పొంగిపోయాయో."

"కడుపుతో ఉన్నదానికి కాళ్ళు పొంగవేటే? నీకు పొంగనేదేటి? నీ పెద్దోడ్ని తీసిందెవరు?"

జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకా రెండు పేటలు తిరగాలి. "తలనొప్పొచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా ఒక్క నిమసం ఆగకత్తా. నాకు పోన్ సెయ్యి," అని చెప్పి నీలమ్మ జీపు ఎక్కేసింది. చిన్నమ్మి గుమ్మం పట్టుకుని, జీపు మలుపు తిరిగేదాకా అటే చూస్తూ నిలబడింది. ఆ పిల్ల మొహం కూడా ఉబ్బిందని కాసులమ్మ అప్పుడే గమనించింది. నిద్ర ఎక్కువై ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే వాన మొదలైంది. పోలీసులు వచ్చి పేట మొత్తాన్ని తుఫాను షెల్టర్‌కి తరలించారు. లక్ష్ముడు మాత్రం పడవకి తాళ్ళు బిగించి వస్తానని ఒడ్డునే ఉండిపోయాడు. షెల్టర్ మేడ మీద జనం, తడిబట్టలు, పిల్లల ఏడుపులు. చిన్నమ్మి గోడవైపు తిరిగి పడుకుంది. అటుకులు పెడితే ముట్టలేదు.

"ఏటమ్మీ, ఏటయింది?"

"తల పగిలిపోతందత్తా."

"ఎప్పుట్నించి?"

"రేత్రి నుంచి."

"మరి సెప్పనేదేం?"

"సెప్తే ఏటి సేస్తావు?" అంది చిన్నమ్మి. కోపంతో కాదు, ఓపిక లేక. కాస్త ఆగి మళ్ళీ అంది: "గోడ మీద మెరుపులు మెరుస్తన్నాయి. నీ మొకం సగమే కనబడతంది. ఇక్కడ పొట్టపైన ఎవరో పిండేస్తన్నట్టుంది."

కాసులమ్మకి కూర్మమ్మ గుర్తొచ్చింది. లక్ష్ముడు పాకే వయసులో, పేట చివరి ఇంట్లో ఉండేది కూర్మమ్మ. ఆమె కూడా గోడ మీద మెరుపులన్నది. తర్వాత కళ్ళు తేలేసింది, పళ్ళు గిట్టకరుచుకుంది, ఒళ్ళంతా కొట్టుకుంది. గాలి సోకిందని వేపమండలు తెచ్చారు. బిడ్డ కడుపులో ఉండగానే కూర్మమ్మ పోయింది. ఆ శవానికి స్నానం చేయించింది కాసులమ్మే. ఇన్ని కాన్పులు చేసినా, ఆ రోజు ఎక్కడ ఏం చేసి ఉంటే బతికేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

చుట్టూ ఆడవాళ్ళు మూగారు. "నువ్వుండగా బయమేటప్పా? నొప్పులొస్తన్నాయేమో సూడు. మేం సీర అడ్డం పట్టుకుంతాం," అన్నారు. అందరూ ఆమె చేతులవైపు చూస్తున్నారు. చాలాకాలం తర్వాత పేట మొత్తం మళ్ళీ ఆమె వైపు అలా చూసింది. కాసులమ్మ లేచి నిలబడింది.

"ఇది నా సేతుల్లో నేదు," అంది పెద్దగా. "దీన్ని ఆసుపత్రికి తీసుకెల్లాల. ఎవులి కాడ బండుందో సెప్పండి."

బయట గాలి మొదటిసారి ఈల వేసింది.

నీలమ్మకి ఫోను కలిసింది. మాట తెగి తెగి వినిపించింది. సర్కారు బండ్లు ఇక ఒడ్డుకి రావట, ఎలాగైనా బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చేస్తే తను గేటు దగ్గరే ఉంటానంది. షెల్టర్ గోడ పక్కన సూరయ్య ఐసు బండి ఆగి ఉంది. రేవుకి ఐసు, ఊళ్ళోకి చేపలు తోలే చిన్న వ్యాను అది. కాసులమ్మ అడిగితే సూరయ్య తల అడ్డంగా ఆడించాడు.

"రోడ్డు మీద సెట్లు పడిపోతన్నాయప్పా. మద్దెలో ఇరుక్కుంటే అందరం పోతాం."

అప్పుడే లక్ష్ముడు వచ్చాడు, నిలువెల్లా తడిసి. విషయం విని, "గాలి తగ్గాక ఎల్దామే అమ్మా. నీ సేతి మీద ఎంతమంది బతకనేదు?" అన్నాడు.

"గాలి తగ్గేసరికి నీ పెళ్ళాం ఉండదురా."

లక్ష్ముడు చిన్నమ్మిని ఎత్తుకుని మెట్లు దిగాడు. సూరయ్య ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలోకి చూసి, గబగబా వెనక తలుపు తీశాడు.

బండి లోపల చేపల నీచు, కరిగిన ఐసు చల్లదనం. గోనెల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. తలుపు మూశాక చీకటి. రేకు మీద వాన కంకరరాళ్ళు పోసినట్టు పడుతోంది. తలుపు సందులోంచి కాసులమ్మకి రోడ్డు పక్క సరుగుడు చెట్లు కనిపించాయి. అవి ఒకేసారి వంగుతున్నాయి, మళ్ళీ లేవడం లేదు. ఒకచోట బండి ఆగిపోయింది. లక్ష్ముడూ సూరయ్యా దిగి విరిగిన మాను లాగుతున్నారు. వాళ్ళ అరుపులు గాలికి ముక్కలై వినిపిస్తున్నాయి.

అప్పుడే చిన్నమ్మి చెయ్యి బిగుసుకుంది.

కాసులమ్మ ఆ చేతిని పట్టుకునే ఉంది. అది వేళ్ళ నుంచి భుజం దాకా కర్రలా మారడం ఆమెకు తెలిసింది. తర్వాత ఒళ్ళంతా ఎగిరెగిరి పడింది. మడమలు రేకుకి కొట్టుకుంటున్నాయి. కాసులమ్మ కోడలి తలను ఒళ్ళోకి లాక్కుని, పక్కకి తిప్పి, నురుగు కొంగుతో తుడుస్తూ పట్టుకుంది. అంతకన్నా ఆమె చేతులకి ఏమీ చేతకాలేదు. "అమ్మా, అమ్మా, అమ్మా," అని మాత్రం అంటోంది. అది ఏ దేవతనో, ఆ పిల్లనో ఆమెకే తెలియదు. చివరికి కొట్టుకోవడం ఆగింది. గురక లాంటి ఊపిరి వినిపించింది. ఊపిరి ఉంది. కాసులమ్మ తలుపు మీద దబదబా బాదింది.

"పోనీయండ్రా! ఆగొద్దు! పోనీయండి!"

బరంపురంలో రోడ్డు మీద మనిషి లేడు. గేట్ బజార్లో షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. దుర్గ పందిరి గుడ్డలు చిరిగి తీగలకు వేలాడుతున్నాయి, ముఖద్వారం వెదుళ్ళు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. సూరయ్య వెనక్కి తిప్పి సందుల్లోంచి పోనిచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర నీలమ్మ వానలో స్ట్రెచరు పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ ఒడియాలో ఏదో అరిచింది, చిన్నమ్మి రెండు తుంటులకీ సూదులు వేశారు, లోపలికి తోసుకుపోయారు. తలుపులు మూసుకున్నాయి.

ఆ రాత్రి గాలి ఊరి మీద పడింది. కరెంటు పోయింది. ఎక్కడో అద్దాలు భళ్ళుమన్నాయి. వరండా మధ్యలో, గోడకి ఆనకుండా, కాసులమ్మ కూర్చుంది. తన చేతుల్ని చీరలో దాచుకుంది. ఎప్పటికో నర్సు వచ్చి, ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశామనీ, చాలా చిన్నదనీ, అద్దాల పెట్టెలో పెట్టామనీ చెప్పింది.

"ఏడిసిందా?" అంది కాసులమ్మ.

"కొంచెం," అంది నర్సు.

తెల్లారాక ఊళ్ళో నిలబడి ఉన్న చెట్టు ఒక్కటీ కనబడలేదు. లక్ష్ముడు నడుచుకుంటూ పేటకి బయలుదేరాడు. కిటికీలోంచి ఎండ వచ్చి చిన్నమ్మి మంచం మీద పడింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది.

"అత్తా," అంది. "దీపం ఎలిగించనేదేటి?"

కాసులమ్మ ఆ కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. కేక వేస్తే డాక్టరమ్మ పరుగున వచ్చింది. టార్చి వేసి చూసి, బీపీ పెరిగి వచ్చే ఈ జబ్బులో ఒక్కోసారి ఇలా అవుతుందనీ, చాలామందికి చూపు తిరిగొస్తుందనీ చెప్పింది. అందరికీ వస్తుందని మాత్రం అనలేదు.

చూపు రావడానికి రోజులు పట్టింది. ముందు కిటికీ తెల్లగా తెలిసింది. తర్వాత మనుషులు నీడల్లా కదిలారు. ఆ తర్వాత ఒక పొద్దున నీలమ్మ పిల్లని తెచ్చి గుండెల మీద పెడితే, చిన్నమ్మి చాలాసేపు చూసి, "దీనికి బొమలు నేవు," అని నవ్వింది. కాసులమ్మ వరండాలోకి వెళ్ళి ఏడ్చింది.

పడవ పోయింది. ఇల్లు పోయింది. లక్ష్ముడు ఆ కబురు చెప్పి మంచం పక్కన కూర్చున్నాడు. నర్సు అప్పుడే చెప్పింది: వెంటనే మళ్ళీ నెల తప్పితే ఇదే ముప్పు రావచ్చు, కొన్నేళ్ళు ఆగాలి, కావాలంటే కాపర్-టి వేస్తాం అని. లక్ష్ముడు నేలకేసి చూశాడు.

"పుట్టింది ఆడపిల్ల. అదీ నిలుస్తాదో నేదో తెల్దు," అన్నాడు. "సూద్దాం."

"సూసింది సాలు," అంది కాసులమ్మ.

చిన్నమ్మి ఇద్దరివైపూ చూడలేదు. నర్సు చెయ్యి పట్టుకుని, "నాకెయ్యండి, దీదీ," అంది. లక్ష్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. తల్లితో అతను మళ్ళీ మాట్లాడటానికి సంక్రాంతి నెల దాటింది.

పేటలో కొత్త రేకుల ఇల్లు వేసుకున్నారు. పిల్ల నిలిచింది. సన్నగానే అయినా గట్టిగా ఏడుస్తుంది. అయితే చిన్నమ్మి అప్పుడప్పుడూ, బిందె ఎత్తబోతూనో పొయ్యి ఊదుతూనో, ఉన్నట్టుండి ఆగి గోడ పట్టుకుంటుంది. ఏమయిందో చెప్పదు. కాసులమ్మ చేతిలో పని అలాగే వదిలేసి, ఆ పిల్ల మళ్ళీ కదిలేదాకా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటుంది.