సిద్దికా నోరు విప్పాక

లక్ష్మీదుర్గ అడిగిన మాటకి త్రినాథ్ అన్నం కంచం పక్కకి నెట్టి లేచిపోయాడు.

ఆమె అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. త్రినాథ్ గుంటూరు నుంచి కలకత్తాకి మిరపకాయల లోడు తోలే లారీ డ్రైవరు. అతని తోటి డ్రైవరు ఆదెయ్యకి ఈమధ్యే హెచ్ఐవి ఉందని తేలింది. ఆదెయ్య మందులు మింగుతూ మళ్లీ బండెక్కాడు, మనిషి నిక్షేపంలా ఉన్నాడు. కానీ ఆ కబురు విన్న దగ్గర్నుంచీ లక్ష్మీదుర్గ మనసు మనసులో లేదు. "ఇద్దరం ఒకసారి పరీక్ష చేయించుకుందామయ్యా. ఇకమీదట కండోమ్ కూడా వాడదాం" అంది.

"అంటే నా మీద అనుమానమన్నమాట" అన్నాడు త్రినాథ్. మర్నాడు బండి తీసేదాకా ముభావంగానే ఉండి, వెళ్లేటప్పుడు "వస్తా" అని మాత్రం గుమ్మానికి చెప్పినట్టు చెప్పి వెళ్లాడు.

లక్ష్మీదుర్గ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పెద్ద రేకుల షెడ్డులో ఆడవాళ్లంతా ముక్కులకి చీరకొంగులు కట్టుకుని, ఎర్రటి రాశుల చుట్టూ కూర్చుని తుమ్ముకుంటూ, కబుర్లాడుకుంటూ పనిచేస్తారు. ఆ వారం ఆరోగ్య కేంద్రం నుంచి శ్రీరమ్య అనే నర్సమ్మ హెచ్ఐవి గురించి చెప్పడానికి వచ్చింది. కొత్త పిల్ల. కండోమ్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు సన్నబడింది. కొంగుల వెనక కిసుక్కుమన్నారు.

"మీలో ఎవరింట్లోనైనా వాడతారా అండీ?" అని అడిగింది శ్రీరమ్య.

అందరూ మిరపకాయల్లోకి తలలు దించుకున్నారు. శ్రీరమ్య సంచీ సర్దుకోబోతుంటే, పక్క రాశి దగ్గర్నుంచి సిద్దికా చేతిలో పని ఆపకుండానే, "మేం వాడతాం" అంది.

సిద్దికా మొగుడు హయాత్ కూడా లారీ డ్రైవరే. నెమ్మదస్తురాలు, గట్టిగా మాట్లాడగా ఎవరూ విన్నది లేదు. షెడ్డంతా ఆమె వైపు తిరిగింది.

"ఏమ్మే, నువ్వే అడిగావా?" అంది పెద్దావిడ హనుమాయమ్మ.

"అడగాలని నాకుంది పిన్నీ. అడిగితే అనుమానించాననుకుంటాడని భయం. ఆయనకీ అదే భయమంట. ప్యాకెట్టు కొనుక్కొచ్చి, చెప్పలేక చొక్కా జేబులో దాచాడు. ఉతుకుతుంటే నా చేతికి దొరికింది."

"కొట్లాడలేదూ?"

"కొట్లాడకేం? మజ్జిగన్నం తినేదాకా కొట్లాడా. ఆ తర్వాత ఇద్దరం ఒకే సంగతి దాచుకు తిరుగుతున్నామని తెలిసి నవ్వొచ్చింది."

హనుమాయమ్మ ముక్కు తుడుచుకుంది. "ఇందులో అనుమానమేంటే? లోడు మీద పట్టా కప్పినోడు ఆకాశాన్ని అనుమానించినట్టా?"

ఆ మాటకి నవ్వులూ తుమ్ములూ కలిసిపోయి షెడ్డు దద్దరిల్లింది. అక్కడితో బిడియం వదిలింది. ఇంకో ఇద్దరు తామూ వాడతామన్నారు. మిగిలినవాళ్లు ఎక్కడ ఇస్తారని, నప్పకపోతే ఏం చేయాలని శ్రీరమ్యని ఊపిరాడనివ్వలేదు. ఎవరికి వారు మా ఇంట్లోనే ఈ ఇబ్బంది అనుకుంటూ కూర్చున్నారని లక్ష్మీదుర్గకి అప్పుడర్థమైంది.

సాయంత్రం నడిచి వస్తూ తన గొడవంతా సిద్దికాకి చెప్పుకుంది.

"మా ఆయన చేత చెప్పిస్తాను ఉండు. తోటి డ్రైవరు చెబితే తలకెక్కుతుంది" అంది సిద్దికా.

త్రినాథ్ తిరిగొచ్చిన రోజు లారీల అడ్డాలో హయాత్ అతన్ని టీకి పిలిచాడు. ఆ తర్వాత త్రినాథ్ ఇంటికి బిర్యానీ పొట్లంతో వచ్చాడు. తినడం అయ్యాక రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"దుర్గా, దారి పొడుగునా ఆలోచించాను. నువ్వు చెప్పింది సబబే అనిపించింది. ఒకరు చెబితే వినే రకం కాదు నేను, తెలుసుగా. చూడూ, తప్పు చేశానా లేదా అన్నది కాదు ఇక్కడ. చేసుంటే నీకు రోగం రాకుండా అడ్డు. చేయకపోతే పోయేదేముంది?"

అది అచ్చంగా హయాత్ మాట. సిద్దికా ముందే చెప్పి ఉంచింది. లక్ష్మీదుర్గ మొహం తిప్పుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి.

"ఏంటి నవ్వుతున్నావు? హయాత్‌గాడు గానీ..."

"నేనే చెప్పించానయ్యా."

త్రినాథ్ చేత్తో నుదురు కొట్టుకున్నాడు. తర్వాత తనూ నవ్వేశాడు. "నేనే తప్పూ చేయలేదే. అందుకే ఆ రోజు అంత ఉక్రోషం వచ్చింది. ఇంకోటి కూడా ఉంది. మన వీధి మందుల షాపులో అడగాలంటే నాకు సిగ్గు. ఇది టీ తాగాక ఊరి ఆ చివర షాపుకెళ్లి కొన్నాను" అని జేబులోంచి ప్యాకెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. ఫలితం కోసం కూర్చున్న కాసేపూ ఆమె చెయ్యి వదల్లేదు త్రినాథ్. ఇద్దరికీ ఏమీ లేదంది శ్రీరమ్య. "ఇది ఇప్పటి సంగతే. జాగ్రత్త మాత్రం మానకండి" అంది. ఈసారి ఆమె గొంతు సన్నబడలేదు. వచ్చేటప్పుడు త్రినాథ్ తనంతట తనే, "మా తోటి డ్రైవర్లక్కూడా కొన్ని ప్యాకెట్లు ఇవ్వండమ్మా, అడగడానికి మొహమాటపడతారు" అని సంచీ పట్టాడు.

మళ్లీ లోడు ఎత్తే రోజు అడ్డాలో, కొత్తగా పెళ్లయిన డ్రైవరు యలమందని త్రినాథ్ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెళ్లాం అడక్క ముందే మగాడు ఎందుకు ఆలోచించుకోవాలో, ఇదంతా తనకే తట్టినట్టు విడమరిచి చెబుతున్నాడు. ఎదురుగా టీ తాగుతున్న హయాత్, మొదటిసారి వింటున్నట్టు ప్రతి మాటకీ తలూపుతూ కూర్చున్నాడు.