ప్రస్థానం పెట్టిన కార్డు

నేను ఒక కార్డును. ప్లాస్టిక్‌దాన్నే, కానీ బంగారు రంగు పూశారు కాబట్టి చాలాకాలం బంగారాన్నే అనుకున్నాను. ఇప్పుడు విజయనగరంలో ఒక వీధికి దక్షిణపు కొసన ఉన్న ఇంట్లో, పసుపు గుడ్డలో చుట్టుకుని గూట్లో కూర్చున్నాను. పక్కన ఒక పసుపుకొమ్ము, గుప్పెడు అక్షింతలు. ఫైవ్ స్టార్ హోటళ్ళ కోసం పుట్టినదానివి, ఈ గూట్లోకి ఎలా వచ్చావే అని మీరు అడగవచ్చు. చెబుతాను. నాకూ ఇప్పుడు తీరికే.

మా పుట్టుక ఫ్యాక్టరీలో. వెడల్పాటి ప్లాస్టిక్ రేకును ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క మీద అంకెలు ఉబ్బెత్తుగా గుద్దుతారు. మీ నుదుటి రాత మీకు కనపడదు గానీ, మాది తడిమితే తెలుస్తుంది. ఒక బ్యాంకూ ఒక హోటళ్ళ కంపెనీ కలిసి నన్ను కన్నాయి. నాతోపాటు తళతళలాడే చిన్న పుస్తకం ఒకటి ఇచ్చాయి. అందులో నీలం ఈతకొలను, తెల్లటి పరుపు, దాని మీద పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న జంట. కార్డు గీకిన ప్రతిసారీ పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే ఆ పరుపు మీద మీరూ ఉచితంగా పడుకోవచ్చు అని రాసి ఉంది. ఉచితం అన్న మాట వింటే మనిషి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. నేను కళ్ళారా చూశాను.

ఏ సూటువాలా తోలుపర్సులోనో ఉంటానని కలలుగన్నాను. సింహాచలం చొక్కా జేబులో పడ్డాను. పెళ్ళిళ్ళకు వంటసరుకు సప్లయ్ చేసే మనిషి. ఊరందరి పెళ్ళిళ్ళకూ పప్పులూ నూనెలూ మోస్తూ తన పెళ్ళి సంగతి మరిచిపోయినవాడు. నలభై దాటాయి. ఆ జేబులో వక్కపొడి పొట్లం, చింతపండు రేట్లు రాసిన చీటీ, నేను. నన్ను మొట్టమొదట గీకింది ముప్పై డబ్బాల నూనెకి. నా బంగారు రంగు మీద నూనె వేలిముద్ర పడితే ఏడుపొచ్చింది.

పైగా తన సరుకుతోనే సరిపెట్టుకున్నాడా? వీధిలో ఎవరు ఏం కొన్నా వెంటపడేవాడు. "నోటు నాకిచ్చీ, కార్డు నేను గీకుతాను" అనేవాడు. పక్కింటాయన బండి టైర్లు, ఎదురింటి పిల్లల పుస్తకాలు, చివరింటి పైడమ్మ ఫ్రిజ్. అన్నిటికీ నన్నే గీకారు. పైడమ్మ నోరు ఊరుకోదు. "ఫ్రిజ్ నాది, పరుపు నీకా, ఏటిరా? నా పాలపేకెట్లు నీ పడకకి కాళ్ళయిపోతన్నాయి" అని ఎగతాళి చేసేది. అతను నవ్వేసి ఊరుకునేవాడు. పిసినారి అని నేనూ తీర్మానించుకున్నాను. తన విలాసం కోసం ఊరంతటి ఖర్చూ తిప్పుకుంటున్నాడని లోలోపల గొణుక్కున్నాను.

నా అంచనా తప్పు. ఆ పరుపు అతనికి కాదు, వాళ్ళక్క బంగారమ్మకి.

బంగారమ్మ విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న, మా కంపెనీదే ఒక పెద్ద హోటల్లో ఇరవైనాలుగేళ్ళు దుప్పట్లు ఉతికింది, ఇస్త్రీ చేసింది, పక్కలు పరిచింది. మొగుడు చిన్నతనంలోనే పోతే ఆ జీతంతోనే తమ్ముణ్ణి పెంచింది. ఆమె మోచేతి కింద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఒకటి ఉంది, అరటి ఆకు కొసలా. సింహాచలం చిన్నప్పుడు ఒకసారి అక్క కోసం ఆ హోటల్ వెనక గేటు దగ్గరికి వెళ్ళి, "అక్కా, నువ్వెప్పుడైనా ఆ పరుపుల మీద పడుకున్నావా?" అని అడిగాడట. "పడుకుంటే ఉజ్జోగం ఊడద్దిరా" అని ఆమె నవ్వేసింది. నవ్వులాట మాట కాదది. నడుం పట్టేసి ఒక్క నిమిషం పరుపు అంచున కూర్చున్నందుకు తోటి పనిమనిషిని అదే రోజు పంపించేశారు. ఆ సంగతి పిల్లాడి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ హోటల్లోనే, ఆ పరుపు మీదే, అక్క ఒక్క రాత్రి నిద్రపోవాలి. అతనికి కావలసింది ఇంతే. ఇది తెలిసిన రోజు నా మీద పడ్డ నూనె మరకలన్నిటినీ నేను క్షమించేశాను.

ఈ ప్రయాణానికి రెండేళ్ళ ముందే కావలసినన్ని పాయింట్లు పోగయ్యాయి. బంగారమ్మే కదల్లేదు. ఒక ఏడు ఆషాఢం అంది. ఇంకో ఏడు మూఢం అంది. ఇంకోసారి తుఫాను అంది, అది నిజంగానే వచ్చింది. అసలు సంగతి వేరు. ముందు గేటులోంచి ఎప్పుడూ వెళ్ళలేదామె. భయం.

మనుషులకు తెలియని విషయం ఒకటి, పాయింట్లకీ ఆయుష్షు ఉంటుంది. ఆ నెలాఖరుతో మావన్నీ చచ్చిపోతాయని కబురొచ్చింది. సింహాచలం గాబరాగా ఫోన్ చేస్తే, ఖాళీ ఉన్నది ఒకే ఒక్క రోజు, గురువారం అన్నారు. సాయంత్రం ఆరులోపు వచ్చి కార్డు స్వయంగా చూపించాలి, లేకపోతే గదీ పోతుంది, పాయింట్లూ తిరిగిరావు.

"గురువారం దక్షిణం ఎల్లకూడదురా. వారశూల" అంది బంగారమ్మ.

సింహాచలం నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. "అక్కా, ఇంక నేనేటి సెయ్యలేను" అన్నాడు. తమ్ముడి మొహం చూసి ఆమె కరిగింది. "ఏడవకు ఎదవా. పెస్తానం పెట్టుకుందాం" అంది.

ప్రస్థానం సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందురోజే మంచి వేళ చూసి, దారికి కావలసిన వస్తువులు మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న వేరొకరి ఇంట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. మర్నాడు మనిషి ఆ మూట అందుకుని సాగిపోవడమే. దాన్ని వెనక్కి మాత్రం తేకూడదు. రోజునే మోసం చేసే ఈ తెలివి చూసి, షరతుల కాగితాలు రాసే మా బ్యాంకువాళ్ళు కూడా సిగ్గుపడాలి.

బుధవారం పొద్దున్న బంగారమ్మ సంచి సర్దింది. కట్టుకోవడానికి ఒక కొత్త చీర, రాత్రికి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలుచీర. మూటలో ముఖ్యమైన వస్తువు ఉండాలి కదా అని ఆలోచించింది. ఈ కార్డే లేకపోతే ప్రయాణమే లేదని తమ్ముడు పదేపదే అంటుంటే వింది. అతను స్నానానికి వెళ్ళగానే జేబులోంచి నన్ను తీసి, పసుపు గుడ్డలో చుట్టి, పాత చీర కొంగున ముడేసింది. సంచి తీసుకెళ్ళి దక్షిణపు కొసన ఉన్న పైడమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. తమ్ముడికి చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. అంత ముఖ్యమైన వస్తువు మూటలో కాక ఇంకెక్కడుంటుంది?

ఆ రాత్రి తెల్లవారబోతుండగా పైడమ్మ కూతురు గౌరికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఫోన్ చేస్తే డాక్టరు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. గురువారం తెల్లవారగానే పైడమ్మ కూతుర్ని బండెక్కించి, ఇంటికి తాళం వేయబోతూ గూట్లో సంచి చూసింది. "దచ్చిణానికే కదా నేనూ ఎల్తన్నాను. ఎంత దూరం తీసుకెల్తే వొదినకి అంత మంచిది" అనుకుని చంకన పెట్టుకుంది. నాకు నోరుంటే కెవ్వుమనేదాన్ని.

పదకొండు గంటలకు అక్కాతమ్ముళ్ళు వచ్చేసరికి తలుపుకి తాళం. ఇవన్నీ తర్వాత విన్న మాటలు. "పోనీలే అక్కా, బట్టలు అక్కడ కొందాం. నడు" అన్నాడట సింహాచలం. "నీ కార్డు దాన్లోనే ఉందిరా" అందట బంగారమ్మ. అతను జేబులన్నీ తడుముకున్నాడట. పైడమ్మ ఫోన్ ఎత్తదు. ఎదురింటివాళ్ళను అడిగితే ఆసుపత్రి సంగతి చెప్పారు. ఇద్దరూ పడుతూ లేస్తూ బస్సెక్కారు.

ఇక్కడ నా పరిస్థితి వినండి. మధ్యాహ్నం గౌరికి ఆడపిల్ల పుట్టింది. బుజ్జి ప్రాణం, రెండు గుప్పిళ్ళంత ఉంది. మెత్తటి పాత బట్ట ఏదైనా ఉంటే ఇవ్వమంది నర్సు. హడావుడిలో పైడమ్మ ఏమీ తెచ్చుకోలేదు. సంచి తెరిచింది, బంగారమ్మ పాత చీర లాగి ఇచ్చింది. కొంగుముడిలో నేను, ఆ చీర మడతల్లో పసిపిల్ల. విలాసవంతమైన పరుపుల కోసం పుట్టిన నేను ఒక పిల్లకి తలగడనయ్యాను. నిజం చెప్పనా, అంత మంచి నిద్రను నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

బస్సు ఆలస్యమై, వార్డులన్నీ వెతుక్కుని, నాలుగున్నరకు సింహాచలం రొప్పుతూ వచ్చాడు. వెనకే బంగారమ్మ. పైడమ్మ ఇద్దర్నీ చూసి, సంగతి విని, గుండె బాదుకుంది. "అయ్యో నా మతి మండా! వొదినా, ముడి ఆ పసిగుంట తలకింద ఉందే. ఇప్పుడే కన్నంటుకుంది" అంది.

సింహాచలం గోడ గడియారం చూశాడు, పిల్లను చూశాడు. చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. నిద్ర లేపడానికి అతనికి మనసొప్పలేదు. "పోనీ అక్కా. పోతే పోనాది" అన్నాడు. మూడేళ్ళ కష్టం ఆ ఒక్క మాటలో వదిలేశాడు.

"నువ్వు తప్పుకో" అంది బంగారమ్మ. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవైనాలుగేళ్ళు బట్టతో బతికిన వేళ్ళవి. చీర కదలలేదు, మడత నలగలేదు, పిల్ల ఊపిరి తప్పలేదు. ముడి తనే విప్పుకున్నట్టు విడిపోయింది. నేను ఆమె అరచేతిలోకి జారాను.

ఆమె లేవలేదు. "పైడీ, నువ్వు ఒక్కదానివే ఉన్నావు. నేను ఉండిపోతాను" అంది.

"నా ఫ్రిజ్ గీకి సంపాదించిన పరుపు వొదినా అది. నువ్వు ఎల్లకపోతే నేను ఊరుకోను. బేగి ఎల్లు" అని పైడమ్మ ఆమెను రెక్కపట్టి లేపింది.

ఆటో హోటల్ ముందు ఆగేసరికి ఆరుకి పది నిమిషాలు. అద్దాల తలుపు దగ్గర బంగారమ్మ కాళ్ళు ఆగిపోయాయి. చూపు తనకు తెలిసిన వెనక గేటు వైపు పోయింది. సింహాచలం ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. చిన్నప్పుడు అతన్ని బడికి ఆమె అలాగే నడిపించి ఉంటుంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను అందుకుని, పసుపు వాసన చూసి, నవ్వి, "స్వాగతం మేడమ్" అంది. మేడమ్ ఎవరా అని బంగారమ్మ వెనక్కి తిరిగి చూసింది.

గదిలో ఆమె చెప్పులు తలుపు దగ్గరే విడిచి, పరుపుకి దూరంగా నేల మీద కూర్చుంది. ఆసుపత్రిలో మగదిక్కు లేదు, నేను అక్కడ పడుకుంటానని సింహాచలం వెళ్ళిపోయాడు. నన్ను బల్ల మీద ఉంచాడు. ఆ రాత్రి సంగతి నేను చెప్పను. అది ఆమె సొంతం.

పొద్దున్న తొమ్మిదింటికి సింహాచలం వచ్చాడు. తలుపు తీయగానే పరుపు చూసి అతని మొహం వాడిపోయింది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. మూలలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

"పడుకోలేదా అక్కా?" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"పడుకోకేటి! ఎండ మొహమ్మీద పడేదాకా ఒళ్ళు తెలీలేదురా. లేచాక పక్క సర్దకుండా ఎలాగుంటాను? చేతులు ఊరుకోవు."

అతను నమ్మాడో లేదో తెలియదు. ఇంతలో గదులు సర్దే అమ్మాయి బండి తోసుకుంటూ వచ్చింది. పరుపు చూసి, "ఈ పక్క వాడలేదు కదమ్మా? అయితే ఇలాగే ఉంచేస్తాను, ఓ ఉతుకు తప్పుద్ది" అంది సంతోషంగా. ఆ సంతోషం ఎంతటిదో ఆ గదిలో బంగారమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సరే అంటుందనే అనుకున్నాను.

బంగారమ్మ లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. తను బిగించిన మూలలు తనే ఊడలాగింది. దుప్పటిని రెండు చేతులతో నలిపి, ఉండచుట్టి, తీసుకొచ్చి ఆ అమ్మాయి బండిలో వేసింది.

"వాడేనమ్మా. రాత్రంతా దీని మీదే పడుకున్నాను. కష్టమే తల్లీ, నాకు తెలుసు. అయినా ఉతకాల. ఉతికేవోళ్ళకి సెప్పు, ఇది బంగారమ్మ పడుకున్న దుప్పటని."

సింహాచలం గోడవైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నా పాయింట్లు సున్నా అయ్యాయి, నా గడువూ తీరింది. సింహాచలం పారేయబోతే బంగారమ్మ ఒప్పుకోలేదు. నాది మంచి చెయ్యట. ఇప్పుడు వీధిలో ఎవరు చెడ్డరోజున బయలుదేరాలన్నా, ముందురోజు నన్ను మూటగట్టి ప్రస్థానం పెడతారు. పరీక్షలకీ, పెళ్ళిచూపులకీ, ఆసుపత్రులకీ అందరికన్నా ముందు నేనే బయలుదేరుతున్నాను. రేపు గురువారం. పైడమ్మ మనవరాలి మూడో పుట్టినరోజుకి సముద్రం చూపిస్తానని బంగారమ్మ మాటిచ్చింది. పిల్ల ఇందాకే వచ్చి, గూట్లో నన్ను తడిమి చూసుకుని వెళ్ళింది.