పన్నెండో గడి

పిన్నీసు మొనతో రంగుల పెట్టెలోని గడి మూలలు గీకింది ధనకోటి. రాలాల్సిన పొడి రాలిపోయి, ఇక రేకు చప్పుడే వినిపించింది. పెరటి గడప మీద కూచుని, అప్పుడే తెల్లవారుతున్న వెలుతురుకు ఎదురుగా ఎడమ చెయ్యి చాపింది. మోచేతి మడతకు కాస్త కిందుగా, అర్ధరూపాయి బిళ్ళంత చామనచాయ చోటు ఒకటి ఉంది. ఆమె పుట్టురంగు ఒంటి మీద మిగిలింది అక్కడొక్కటే. గీకిన పొడిని దాని పక్కన రుద్ది చూసుకుంది. రంగు కుదిరింది. పొడే చాలలేదు.

మిగిలిన ఒళ్ళంతా తెలుపే. పందొమ్మిదో ఏట కుడి కనురెప్ప మీద బియ్యపుగింజంత మచ్చగా మొదలైంది. తిరుత్తణి కొండకు మొక్కుకున్నారు, బావంచి నూనె రాశారు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూచోబెట్టారు, చేపలూ పెరుగూ మాన్పించారు. ఇవేవీ తనకు సంబంధించిన విషయాలు కానట్టు ఆ మచ్చ తన దారిన తాను పాకుతూ పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళకు ఒళ్ళంతా కలియదిరిగి స్థిరపడింది. మొదట్లో ధనకోటి ఒంటిరంగులో తెలుపును దాచేది. ఇప్పుడు తెలుపు మీద, పోయిన ఒంటిరంగును జ్ఞాపకం పెట్టుకుని పూస్తోంది.

ఆ పూతకు ఆమె లెక్కలు ఆమెకున్నాయి. కాచు, ఎర్రమన్ను, మొహం పౌడరు, రెండు చుక్కల కొబ్బరినూనె. పొద్దుటి వెలుతురులోనే కలపాలి. బల్బు వెలుతురును నమ్మి పూసుకుంటే వీధిలోకి వెళ్ళేసరికి మొహం ఒక ఊరిదీ మెడ ఒక ఊరిదీ అవుతుంది. మొహానికీ మెడకూ ఆ పూత బాగానే నిలిచేది గానీ కనురెప్పల మీద మాత్రం నిలిచేది కాదు. రెప్ప ఆడినప్పుడల్లా పగిలి, లోపలి తెలుపు బయటపడేది. మనిషి రోజుకు ఎన్నిసార్లు రెప్ప వేస్తుందో దేవుడు ఆమెకొక్కదానికే చెప్పినట్టుండేది.

మూడేళ్ళ కిందట ఆ పెట్టె దొరికాక ఆ బాధ తీరింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమెతోపాటు పనిచేసే చంద్రావతికి సింగపూరు నుంచి అన్న తెచ్చిచ్చిన పెట్టె అది. మూత మీద ఒక దొరసాని బొమ్మ, లోపల చిన్న అద్దం, పన్నెండు గళ్ళలో పన్నెండు రంగులు. "దీన్ని కంటిపైన పూసుకుంటారంటక్కా, మా ఇంట్లో చూస్తే చీపురు తీస్తారు" అని నవ్వుతూ ఇచ్చేసింది చంద్రావతి. పన్నెండింటిలో ఒకటి గోధుమరంగు. అది అచ్చంగా ధనకోటి రంగు. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో తన కోసమే కలిపినట్టుంది. మిగతా పదకొండింటినీ ఆమె ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఆ పదకొండింటి మీద ఆశపడింది చెల్లెలి కూతురు కోకిల. తిరుత్తణి నుంచి ఎప్పుడొచ్చినా పెట్టె తెరిచి, "ఆ నీలం ఒక్కసారి పెట్టవా పెద్దమ్మా" అని బతిమాలేది. కదిలిస్తే పొడి రాలి గోధుమరంగులో కలుస్తుందేమోనని ధనకోటికి భయం. "ఉండనీ, ఇంగొకసారి చూస్తాం" అని మూత వేసేసేది. ఇంకొకసారి రాకుండానే పిల్లకు ఇరవై ఏళ్ళొచ్చాయి. నాలుగు రోజుల కిందట కోకిల ఉత్తరం రాసింది. బళ్ళో చదివింది అరవమే కాబట్టి, తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాస్తుంది. "పెద్దమ్మా, శుక్రవారం పుత్తూరువాళ్ళు నన్ను చూసేదానికి వస్తారు. నువ్వు పగలే వచ్చెయ్యి. నా కండ్లకు నువ్వే పెట్టల్ల." కింద ఆమె తల్లి మునిలక్ష్మి ఒక ముక్క చేర్చింది. "అక్కా, మొగం బాగా సర్దుకోని రా."

ఆ 'బాగా' నాలుగు రోజులుగా ధనకోటి గుండెలో ముల్లులా కదులుతోంది. తీరా శుక్రవారం వచ్చేసరికి గోధుమరంగు గడి ఖాళీ అయింది. ఉన్న పొడిని రెండు రెప్పలకూ సగం సగం సర్దింది. పొడుగు చేతుల రవిక తొడుక్కుంది, నల్లద్దాలు పెట్టుకుంది. ఆ రోజుకు సెలవు పెట్టి ఉన్నా, చంద్రావతి అన్న ఇంకో పెట్టె ఏమైనా పంపాడేమో కనుక్కుందామని మణవాళనగర్ నుంచి రైలు పట్టాలు దాటి తిరువళ్ళూరు ఎక్స్ఛేంజికి నడిచింది. పెట్టె ఉంటే పదకొండు గంటల బస్సుకు తిరుత్తణి వెళ్ళొచ్చు.

చంద్రావతి ఒక్కతే బోర్డు ముందు కూచుని సతమతమవుతోంది. ధనకోటిని చూడగానే లేచి నిలబడింది.

"దేవుడి మాదిరి వచ్చినావక్కా! నీ బదులు రావల్సిన పిల్ల ఈ పొద్దు రాలేదు. మా బిడ్డకు ఒళ్ళు కాల్తా ఉండాది. ఒక గంట కూచోక్కా, ఆస్పత్రిలో చూపించేసి పరిగెత్తి వచ్చేస్తాను."

"పెట్టె... మీ అన్న ఇంగొకటి ఏమన్నా..."

"అన్న వచ్చేది పురటాసికి గదక్కా."

పురటాసి నెల రావడానికి ఇంకా మూడు నెలలుంది. ధనకోటి తలకు హెడ్‌సెట్ తగిలించుకుని కూచుంది. ఇరవై మూడేళ్ళుగా కూచున్న కుర్చీ. ఆమె మొహం ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో వంకాయల ధర అడిగితే చాలు, కొట్టువాడు తలెత్తి "నంబర్ అమ్మ గదా" అనేవాడు. గొంతుకు మచ్చలు రావు. ఆ బోర్డు ముందు కూచున్న ఎనిమిది గంటలూ ఆమె నిశ్చింతగా బతికింది.

బల్ల మీద చంద్రావతి పొద్దున రాసి పెట్టిన ట్రంకాల్ చీటీ ఉంది. అరవై రెండో నంబరు నుంచి పుత్తూరు పద్దెనిమిదికి. అరవై రెండంటే బజారులోని ఎరువుల కొట్టు. రోజూ తిరుత్తణి నుంచి వచ్చి అక్కడ గుమస్తాగా పనిచేసేది ఆమె చెల్లెలి మొగుడు దేవరాజులే. వాళ్ళు ఎన్ని గంటలకు వస్తారో కనుక్కోవడానికి బుక్ చేసి ఉంటాడు. పుత్తూరు తగిలింది. నేనే వదినను మాట్లాడుతున్నా అందామనుకుంది గానీ, ఇంకా బయల్దేరలేదా అంటాడని ఊరుకుంది. మాట్లాడమన్నట్టు "పేసుంగ" అని మాత్రం అంది. పుత్తూరు లైనులో ఎప్పుడూ గోల. రెండు గొంతులూ నిలబడేదాకా వింటూ ఉండాలి, అది పని పద్ధతి.

"నాలుగుకంతా వచ్చేస్తాం" అంటున్నాడు పుత్తూరు పెద్దమనిషి. "అయితే ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంటామెకు ఒక అక్క ఉండాదనీ, ఆమెకు ఒళ్ళంతా తెల్లమచ్చలనీ మా ఆడోళ్ళకు ఎవురో చెప్పినారు. రేపు పిలకాయలకు దిగతాదేమోనని వీళ్ళకు బయం."

ధనకోటి చెవికి హెడ్‌సెట్ నొక్కిపెట్టుకుంది.

"ఆమె లేదన్నా" అన్నాడు దేవరాజులు. "పోయి శానా దినాలైనాది."

"అయ్యో. దాంతోనేనా?"

"లేదు లేదు. జొరమొచ్చి."

ఇరవై ఆరేళ్ళ కిందట మునిలక్ష్మిని చూడడానికి వచ్చినప్పుడు ధనకోటిని వెనక గదిలో కూచోబెట్టి గడియ పెట్టారు. ఆ వచ్చినవాడు ఈ దేవరాజులే. పెళ్ళయ్యాక సంగతి తెలిసినా పల్లెత్తు మాట అనలేదు. ఏటా దీపావళికి తనే చీర తెచ్చి చేతిలో పెట్టేవాడు. మంచివాడు. అందుకే ధనకోటికి కోపం రాలేదు, కోపమే వచ్చి ఉంటే తేలికగా ఉండేది. అప్పుడు వెనక గది. ఇప్పుడు ఇంకాస్త వెనక్కు పంపారు, అంతే. ఇంతలో ఆమె కళ్ళు అలవాటుగా గడియారం వైపు తిరిగాయి. మూడు నిమిషాలయ్యాయి. ఆ మాట చెప్పి, ఇంకా పొడిగించాలా అని అడగకపోతే పని తప్పినట్టు.

"మూణు నిమిషం ఆచ్చు. ఎక్స్‌టెండ్ పణ్ణట్టుమా?" అంది, ఇరవై మూడేళ్ళుగా అంటున్న గొంతుతోనే.

అరవై రెండో నంబరు వైపు ఊపిరి ఆగిపోయింది.

"ఇంగ సాలమ్మా, మాట్లాడేసినాం" అన్నాడు పుత్తూరు పెద్దమనిషి. ధనకోటి ప్లగ్గు లాగేసింది.

చంద్రావతి వచ్చేదాకా మరో పదకొండు కాల్స్ కలిపింది. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. పెరట్లోకి వెళ్ళి సబ్బుతో మొహం కడుక్కుంది. కాచూ ఎర్రమన్నూ తూములోకి జారిపోయాయి. పగటిపూట తన మొహాన్ని ఇలా చూసుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. పెట్టెలోని చిన్న అద్దంలో ఒక తెల్లటి మనిషి కనిపించింది. నల్లటి కళ్ళు. చెల్లెలివి అవే కళ్ళు, కోకిలవీ అవే.

చచ్చిపోయిన మనిషి రంగు ఎవరికి సరిపోవాలి గనక అనుకుంది. వేలితో నీలం గడిని తాకింది. మూడేళ్ళు కాపాడిన గడి మెత్తగా లొంగింది. కుడి రెప్ప మీద రాసుకుని అద్దంలో చూసుకుంటే, నీలం నీలంగానే నిలబడింది. మూత మీద దొరసానికి ఎలా ఉందో అలాగే ఉంది. తెల్ల కాగితం మీద పెట్టినట్టు ఇంత తేటగా ఏ రంగైనా నిలిచేది తన రెప్పల మీదేనని ఇన్నాళ్ళూ ఆమెకు తట్టనే లేదు. ఆకుపచ్చ తీసి ఎడమ రెప్పకు రాసింది. తుడిచి గులాబీ పెట్టింది. తుడిచి బంగారు రంగు పెట్టి, దాని అంచున వంగపండు రంగు తిప్పింది. అలా పదకొండు గళ్ళలోనూ వేలు పెట్టింది. ఒక్కో రంగుకు అద్దంలోంచి ఒక్కో ఆడమనిషి చూసింది. ఒకామె పెళ్ళికి వెళుతోంది, ఒకామె ఎవరితోనో పోట్లాడి వచ్చింది, ఒకామెకు నలుగురు పిల్లలు. వాళ్ళందర్నీ చూసి ధనకోటి కాసేపు సంతోషపడింది. చూపించడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి ఏడ్చింది. ఏడిస్తే రంగు చెదిరింది. మళ్ళీ కడుక్కుని, ఓపిగ్గా కుడి రెప్పకు నీలం, ఎడమ రెప్పకు ఆకుపచ్చ పెట్టుకుంది.

దేవరాజులు వచ్చి తలుపు తట్టాడు. ఆమె మొహం చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు. అతని చొక్కా చెమటకు తడిసి ఉంది.

"వదినా... నోటికొచ్చింది చెప్పేసినాను. ఏం చేసేదో తెలీలేదు."

"బస్సుకు పొద్దవుతా ఉండాది. నీళ్ళు తాగతావా?"

"నువ్వు రావద్దని నేను అనలేదు వదినా."

"పోయినోళ్ళు యాడికొస్తారు దేవరాజులూ?" ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, నంబరు అడిగినట్టే అడిగింది. "జొరమని చెప్పినావు గదా. ఏ సమచ్చరమని అడగతారు. మొగుడూ పెళ్ళాం ఒకే మాట చెప్పండి."

ధనకోటి పెట్టెకు మూత వేసి అతని చేతిలో పెట్టింది.

"కోకిలకు ఇయ్యి. దాని కండ్లకు కాటిక సాలు, అయినా నీలం అడగతా ఉండింది. మెల్లగా పెట్టుకోమను."

దేవరాజులు రెండు చేతులా పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి ఆమెకు కనిపిస్తూనే ఉన్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. ఎవరిచ్చారని పుత్తూరు ఆడవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? చచ్చిపోయిన మనిషి రెప్పల మీద ఆ రంగు ఇంకా చెదరనే లేదు. అటూ ఇటూ చూసి, పెట్టెను ప్రహరీ గోడ మీద మెల్లగా పెట్టి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ధనకోటి పిలవలేదు.

ఆ సాయంత్రం ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక కాగితం తీసింది. మద్రాసు ట్రంక్ ఎక్స్ఛేంజిలో పై ఉద్యోగానికి సమ్మతమేనా అని అడుగుతూ వచ్చింది. ఇంతకుముందు రెండుసార్లు వస్తే వద్దని రాసింది, కొత్త ఊళ్ళో కొత్త మనుషుల ముందు ఈ పూత మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలని. ఈసారి సమ్మతమేనని సంతకం చేసింది.

కోకిల పెళ్ళి ఆవణి నెలలో అని చంద్రావతి ద్వారా తెలిసింది. ధనకోటి దానికి ముందు వచ్చే ఆడి నెల మొదట్లోనే అద్దె ఇల్లు ఖాళీ చేసింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, మొహాన పూత లేదు, నల్లద్దాలు లేవు. "గోడపైన ఏందో మరిచిపోయినావే" అని ఇల్లుగల ఇంటామె కేకేస్తే, "ఉండనీక్కా" అని రిక్షా ఎక్కింది. కరెంటు రైల్లో పక్కన కూచున్న పూలావిడ ఆమెను ఒక్కసారి ఎగాదిగా చూసి, "కాస్త జరగమ్మా" అని గంప సర్దుకుంది. ధనకోటి జరిగింది.

మణవాళనగర్‌లో ఆ ఇంటి గోడ మీద, దేవరాజులు పెట్టినచోటే ఉంది ఆ పెట్టె. ఇంటామె మూత తెరిచి చూసింది. పదకొండు గళ్ళలో పదకొండు వేలి గుంటలు, పన్నెండో గడిలో ఒట్టి రేకు.