పెద్దావిడను నిద్రపుచ్చడం

వీధి వీధంతా ఇంకక్క అని పిలిచే ఆవిడ ఫోటోల కొట్టులో ఒక ఇంకుజెట్ ప్రింటరు ఉంది. దానికి పదకొండేళ్ళు. మెకానిక్కు ఎప్పుడొచ్చినా దాని చుట్టూ ఓసారి తిరిగి, "నాలుగేళ్ళకే పోవలసిన మిషను, ఇంకా ఎలా ఉందమ్మా?" అని నోరు వెళ్ళబెట్టేవాడు. ఎలా ఉంటుంది మరి, ఆ ఇల్లాలు కంటికి రెప్పలా చూసుకుంటే! పాత నూలు చీర చింపి దానికి ముసుగు కుట్టింది. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్లను వారం వారం తడిగుడ్డతో తుడిచేది. పనున్నా లేకపోయినా పొద్దున్నే నాలుగు రంగులూ కదిలేలా ఒక చిన్న పువ్వు బొమ్మ తీసేది. వాడకుండా వదిలేస్తే ఇంకు సన్నటి రంధ్రాల్లో ఎండిపోతుంది కదా. దానికి ఆవిడ పెట్టిన పేరు పెద్దావిడ.

ఇవన్నీ ఆవిడ తోడికోడలికి తెలుసు. తెలుసనే అనుకుంది, పాపం. ఇంకక్క కంటికి శుక్లం ఆపరేషన్ చేసి, పది రోజులు వంగొద్దు, దుమ్ములోకి వెళ్ళొద్దు అని డాక్టరు చెప్పగానే, "నేనున్నాగా అక్కా" అని ధీమాగా తాళాలు పుచ్చుకుంది. ఇంకక్క ఒక్క మాటే చెప్పింది.

"కొట్టు కట్టేసేటప్పుడు పెద్దావిడను నిద్రపుచ్చి రా, పిల్లా."

పిల్ల అలాగే చేసింది. రోజూ సాయంత్రం గోడ మీది స్విచ్చి ఆపి, ముసుగు కప్పి, తాళం వేసుకుని వచ్చింది. పొద్దున్నే పువ్వు బొమ్మ తీయడం కూడా మరువలేదు. అయినా ఆరో రోజుకు పువ్వు మధ్యలో గీతలు పడ్డాయి. తొమ్మిదో రోజుకు ఎరుపు వెలిసిపోయి, పసుపు పూర్తిగా మాయమైంది.

ఆ తొమ్మిదో రోజు ఎలాంటి రోజు! ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళుగా పురుళ్ళు పోసిన నర్సమ్మకు అదే ఉద్యోగంలో చివరి రోజు. ఆవిడ చేతుల మీద పుట్టిన పిల్లల్లో ఫోటోలు దొరికినవాళ్ళ ముఖాలన్నీ ఒకే పెద్ద కాగితం మీద వేయించి, సాయంత్రం అయిదింటికి చేతికివ్వాలని తోటి నర్సుల కోరిక. కింది వరసలో చివరి ముఖం ఈ తోడికోడలి కూతురిదే. ఆ పిల్ల పుట్టగానే ఏడవలేదు. ఒళ్ళంతా నీలం తిరిగి ఉంటే, నర్సమ్మ అరచేతిలో వేసుకుని ఊపిరి పోసింది.

మొదటి కాగితం బయటికొచ్చింది. పసుపు లేక, ఎరుపు చాలక ముఖాలన్నీ నీలంగా ఉన్నాయి. కూతురి ముఖమైతే సరిగ్గా ఆనాటి రంగులోనే ఉంది. దీన్ని పట్టుకెళ్ళి ఆవిడ చేతుల్లో ఎలా పెట్టడం? కంగారుగా శుభ్రం చేసే బటను మూడుసార్లు నొక్కింది. ఇంకు దండగైంది గానీ పసుపు రాలేదు. చివరికి గుండుసూదితో రంధ్రాలు పొడుద్దామని కూడా చూసింది. అంతలో ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, సూది పక్కన పడేసి మేడ మీదికి పరుగెత్తింది.

ఇంకక్క నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. తోడికోడలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. సూది సంగతి కూడా దాచలేదు.

"పొడిచావా?"

"లేదక్కా."

"బతికించావు. నడువు."

గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది ఇంకక్క. "రోజూ ఎలా నిద్రపుచ్చుతున్నావో అలాగే పుచ్చు, వింటాను" అంది.

తోడికోడలు గోడ స్విచ్చి ఆపింది.

"టక్కు ఏది?"

"ఏ టక్కు?"

ఇంకక్క నుదురు కొట్టుకుంది. "నాదే తప్పు. నా భాష నేనే మాట్లాడుకుంటే నీకెలా తెలుస్తుంది? ముందు మిషను మీద బటను నొక్కాలి. అప్పుడు ఇంకు చిమ్మే హెడ్డు దాని మూలకి వెళ్ళి రబ్బరు గిన్నె మీద కూర్చుని నోరు మూసుకుంటుంది. టక్కుమంటుంది. అది విన్నాకే గోడ స్విచ్చి. నువ్వు రోజూ దాన్ని నోరు తెరిచి పడుకోబెట్టావు."

ఆ తర్వాత ఆవిడ చెబుతుంటే ఈవిడ చేసింది. మిషను మళ్ళీ వేసి, హెడ్డు మూల వదిలి కదులుతుండగా ఈ ఒక్కసారికి ప్లగ్గు లాగి, దాన్ని మెల్లగా చేత్తో పక్కకు జరిపింది. గిన్నెలో గడ్డకట్టిన ఇంకును తడిగుడ్డతో ఒత్తి తీసింది. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళు గోరువెచ్చగా చేసి, పీచు రాలని గుడ్డ మడత తడిపి హెడ్డు కింద పరిచింది. రుద్దబోతే ఇంకక్క వెంటనే పట్టేసింది. "రుద్దకు. నానితే అదే వదులుతుంది." కళ్ళకు గంతలు కట్టినట్టున్న మనిషి చప్పుడుతోనే అన్నీ కనిపెడుతుంటే తోడికోడలికి దణ్ణం పెట్టాలనిపించింది.

రెండు గంటలు నానబెట్టారు. గుడ్డకు ముందు నీలం, తర్వాత ఎరుపు, చిట్టచివరికి పసుపు అంటింది. గుడ్డ తీసి, ప్లగ్గు పెట్టి, శుభ్రం చేసే బటను ఒక్కసారి నొక్కి, పువ్వు బొమ్మ తీశారు. గీతలు లేవు.

"రంగు సరిగ్గా ఉందా? ఆపరేషనయ్యాక నా కంటికి ఇంకా అన్నీ నీలంగానే ఉన్నాయి. నువ్వే చెప్పాలి" అంది ఇంకక్క.

తను ఇంత చెడగొట్టాక కూడా ఆ మాట తననే అడిగిందని తోడికోడలికి కళ్ళు చెమర్చాయి. పెద్ద కాగితం పెట్టింది. వరస తర్వాత వరస దిగి, చివరి ముఖం చామనచాయలో నిగనిగలాడుతూ వచ్చింది.

"సరిగ్గా ఉందక్కా."

"అయితే నడువు, నాలుగున్నరైంది."

ఆసుపత్రిలో నర్సమ్మ ఆ కాగితం మీద వేలితో ఒక్కొక్క ముఖాన్నీ తడుముతూ వచ్చి, చివరి దాని దగ్గర ఆగింది.

"ఇది ఆ నీలం పిల్ల కదూ?"

"అవునమ్మా" అంది తల్లి.

"ఎంత రంగు తేలిందో" అని నర్సమ్మ ఆ బొమ్మను చాలాసేపు నిమిరింది.

తిరిగొచ్చేసరికి ఇంకక్క కుర్చీలోనే ఉంది. తోడికోడలు చేతులు కడుక్కుని, మిషను మీద బటను నొక్కి, చెవి ఒగ్గి నిలబడింది. హెడ్డు మెల్లగా తన మూలకి వెళ్ళింది.

టక్.

"నిద్రపోయిందక్కా" అని చెప్పి, అప్పుడు గోడ స్విచ్చి ఆపింది.