పన్నెండో నంబరు చొక్కా

వెస్లిన్ జట్టులో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు ఎవరన్నది ఎప్పుడూ లూథరన్ చర్చి నేలమాళిగలోనే తేలేది. సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రార్థన అయి, జనం కాఫీ తాగి ఇళ్ళకు పోయాక ముగ్గురు మాత్రం మిగిలేవారు. పెద్ద కాఫీ కుండ అడుగంటే లోపల వాళ్ళు ఒక పేరు చెప్పాలి. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ కుండ చివరికి కడగవలసింది తనే కాబట్టి వెర్నా బౌడర్‌కి అది సబబుగానే తోచేది.

వెర్నాకి అరవై దాటాయి. భర్త ఆర్లో పోయాక మేడమీది గదులు ఖాళీగా ఉంటే ఇంట్లో నిద్ర పట్టక, బేస్‌బాల్ కుర్రాళ్ళకి వేసవిలో బస ఇవ్వడం మొదలుపెట్టింది. జట్టు చొక్కాలు ఉతికేదీ, చిరిగితే కుట్టేదీ ఆవిడే. కుర్రాళ్ళు మేలో బస్సు దిగేవారు, సెప్టెంబరులో అదే బస్సెక్కేవారు. పైజట్లకి పోయినవాళ్ళు గానీ, ఆట మానుకుని సొంతూళ్ళకి పోయినవాళ్ళు గానీ మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. సాగనంపి వచ్చిన రోజున ఆవిడ వాళ్ళ పక్క దుప్పట్లు తీసేది కాదు. మర్నాడు తీసేది.

తిరిగి వచ్చినవాడు ఆన్సెల్మో ఒక్కడే.

ఆ ఆదివారం ఆమె బెంగకి కారణం కూడా అతనే.

"ఇక కానిద్దాం," అన్నాడు ఓటిస్ బ్రాండ్‌వాల్డ్. ముప్పై ఏళ్ళు అంపైర్‌గా నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. "నా మాట డేల్ హోఫర్‌కి. ఈ వేసవిలో ఆ పిల్లాడి బంతిని సరిగ్గా కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఇంకేం మాట్లాడాలి?"

"చాలా మాట్లాడాలి," అన్నాడు లైల్ ఆమండ్సన్. ఊరి రేడియోలో ఆటలు చెప్పేది ఇతనే. "డేల్ విసిరే ఆ వంకర బంతి ఎటు పోతుందో డేల్‌కే తెలీదు. నేలకి తగిలి ఎగిరిన ప్రతి బంతినీ ఒళ్ళు అడ్డేసి ఆపిందెవరు? ఆన్సెల్మో రీవాస్. బ్యాటు పట్టినవాడి వెనకాల వాడు లేకపోతే మీ డేల్ బంతులన్నీ కంచె కింద ఏరుకోవాల్సొచ్చేది."

"ఆపడం క్యాచర్ పని. పని చేసినందుకు బహుమతా?"

"మరి విసరడం డేల్ పని కాదా, అంపైర్ గారూ?"

"నన్నలా పిలవకు. కాఫీ చేదెక్కుతుంది."

"అది నా వల్ల కాదులే, మాడిన కుండ వల్ల."

వెర్నా నవ్వలేదు. లేచి ఇద్దరి కప్పులూ నింపింది. కుండ ఇంకా సగం పైనే ఉంది.

ఇది ఊరికే పేరు కోసం వాదన కాదని ముగ్గురికీ తెలుసు. గెలిచిన కుర్రాణ్ణి పెద్ద క్లబ్బువాళ్ళు మార్చిలో ఫ్లోరిడా శిబిరానికి పిలుస్తారు. అక్కడ నిలబడినవాడు మళ్ళీ వెస్లిన్ లాంటి ఊరి మొహం చూడడు. ఆన్సెల్మో ప్యూర్టోరికోలో చెరకు కొట్టే ఇంటి నుంచి వచ్చాడు. డేల్ ఇక్కడికి దగ్గర్లో పాలవాళ్ళ అబ్బాయి. పిలుపు రాకపోతే ఈ శీతాకాలం నుంచి ఆవుల కొట్టంలోకి రమ్మని తండ్రి తేల్చి చెప్పేశాడు. తల్లి ప్రతి ఆటకీ వచ్చి, మూడో వరుసలో కూచుని, కొడుకు బంతి విసిరే వరకూ అల్లిక సూదులు కదపకుండా పట్టుకుని ఉండేది.

ఆన్సెల్మో సంగతి వేరు. కిందటి వారం జట్టు మేనేజరు ఉతికిన చొక్కాలు తీసుకుపోవడానికి వచ్చి, "వీడు గెలవకపోతే ఇంకో ఏడాది ఇక్కడికే పంపుతారమ్మా. మీ ఇంట్లోనే ఉంటాడు, బెంగపెట్టుకోకు," అన్నాడు. ఓదార్పుగా అన్న మాటే. అప్పటినుంచీ వెర్నాకి తిండి సయించడం లేదు.

ఎందుకంటే ఆన్సెల్మో కొత్త ఆటగాడు కాడు. ఆ సంగతి ఊళ్ళో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

నిరుడు ఆగస్టులో డువేన్ క్రెబ్స్ అనే క్యాచర్ ఆవిడ ఇంట్లోనే ఉండేవాడు. జట్టు రెండు వారాలు పొరుగూళ్ళలో ఆడడానికి బయల్దేరబోతుండగా బస్సు తలుపులో చెయ్యి పెట్టి వేళ్ళు విరగ్గొట్టుకున్నాడు. ఎక్కడినుంచో హడావుడిగా తెప్పించిన కుర్రాడు ఆ సాయంత్రం దిగాడు. ఇంగ్లీషు నాలుగు ముక్కలు కూడా రావు, చేతిలో అట్టపెట్టె. కొత్త చొక్కా కుట్టించే వ్యవధి లేక, క్రెబ్స్ పన్నెండో నంబరు చొక్కానే వెర్నా చేతులు పొట్టి చేసి ఇచ్చింది. పొరుగూళ్ళలో ఆట లెక్కలు రాసేవాళ్ళు తమ చేతిలో ఉన్న పాత కాగితంలో పన్నెండు ఎదురుగా ఉన్న క్రెబ్స్ పేరే రాసుకున్నారు. అక్కణ్ణుంచి తంతి మీద వచ్చిన ముక్కల్ని పట్టుకుని లైల్, ఇక్కడ రేడియో గదిలో కూచుని, కళ్ళారా చూస్తున్నట్టే ఆట చెప్పేవాడు. పెన్సిలుతో చెక్కమీద కొడితే అది బ్యాటు చప్పుడు.

వెర్నా వంటింట్లో క్రెబ్స్ చేతికి కట్టుతో కూచుని, కూకెన్ కేకు ముక్క తింటూ తన ఆట తానే విన్నాడు. "చూశావా వెర్నా అత్తా, విరిగిన చేత్తో ఎంత బాగా కొడుతున్నానో," అనేవాడు. బస్సు తలుపు సంగతి బయటికి తెలిస్తే నవ్వులపాలవుతానని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆఖరి స్థానంలో ఉన్న జట్టు లెక్కలు ఎవరికి కావాలి, ఎవరూ దిద్దలేదు. ఆ రెండు వారాలతో ఆ ఏటి ఆటలు ముగిసి, ఆన్సెల్మో అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఆ మేనేజరు మారిపోయాడు, ఆ కుర్రాళ్ళు చెదిరిపోయారు. మేలో ఆన్సెల్మో సొంత చొక్కాతో, సొంత నంబరుతో దిగితే ఊరంతా కొత్తవాడనే అనుకుంది.

ఎవరు కొత్తవాడన్నదానికి ఓటిస్ పెట్టిన నియమం ఒక్కటే: నిరుడు ఒక వారానికి మించి మన జట్టులో ఆడినవాడు కొత్తవాడు కాడు.

"వెర్నా, నువ్వేం మాట్లాడవేం?" అన్నాడు లైల్. "ఓట్లు ఒకటీ ఒకటీ అయ్యాయి. తేల్చేది నువ్వే."

"వాడు ఆవిడింట్లో పిల్లాడు. ఆవిడేం చెప్తుందో కుండక్కూడా తెలుసు," అన్నాడు ఓటిస్.

ఆమె తన కప్పులోకి చూసుకుంది. నోరు మూసుకుంటే ఆన్సెల్మో ఫ్లోరిడాకి పోతాడు. అతనికి జరగవలసిన మంచి అది. అప్పుడు డేల్ తల్లి సూదులు ఆవిడ కళ్ళ ముందు కదలకుండా నిలబడిపోతాయి. నిజం చెబితే అతను మళ్ళీ మేలో తన మేడ మెట్లెక్కి వస్తాడు. చెప్పవలసినది నిజమే, కాదనడానికి లేదు. కానీ ఆ నిజం తనకి ఇంత లాభంగా ఉండడం చూసి ఆవిడకి భయం వేసింది. ఎంత తవ్వుకున్నా, లోపల మాట్లాడుతున్నది న్యాయమో, ఖాళీ గదికి జడిసిన ముసలిదో తెలియలేదు.

"ఇంకో చుక్క పోయనా?" అంది.

"పోస్తే అయిపోతుంది," అన్నాడు ఓటిస్.

ఆవిడ పోసింది. కుండ అడుగు కనబడింది.

"ముందే ఒకటి చెప్తున్నా," అంది నిలబడే. "వాడు గెలవకపోతే వచ్చే ఏడు మళ్ళీ మా ఇంటికే వస్తాడు. అలా రావాలని నాకుంది. అది తెలిసే నా మాట వినండి, ఆ తర్వాత ఎంత నమ్మాలో మీరే చూసుకోండి."

చెప్పింది. బస్సు తలుపూ, చొక్కా చేతులూ, వంటింట్లో క్రెబ్స్ తిన్న కూకెన్, అన్నీ.

ముందు కదిలింది లైల్. కప్పు పక్కకి తోసేశాడు.

"ఆగు. మిచెల్ ఊళ్ళో వానలో ఆడిన ఆట. ఆఖర్న కంచె దాటించిన దెబ్బ."

"అది ఆన్సెల్మోయే."

"నేను ఆ రాత్రి చెక్క పగిలేలా కొట్టాను. క్రెబ్స్, క్రెబ్స్ అని గొంతు పోయేలా అరిచాను. జనం మర్నాడు నన్ను బజార్లో ఆపి మెచ్చుకున్నారు."

"క్రెబ్స్ కూడా మెచ్చుకున్నాడు," అంది వెర్నా.

ఓటిస్ మోకాలు రుద్దుకున్నాడు. "నేను చూడనిదాన్ని ఎప్పుడూ ఔట్ అనలేదు," అన్నాడు. "ఇవాళ అనాల్సొస్తోంది. నీ స్వార్థం ముందే చెప్పి మరీ చెప్పావు కాబట్టి నమ్ముతున్నా. డేల్ హోఫర్."

"డేల్," అన్నాడు లైల్, గొణిగినట్టు.

వెర్నా కుండ తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది.

*

ఆన్సెల్మో వంటింట్లో కిటికీ దగ్గర కూచుని చేతితొడుగుకి నూనె రాసుకుంటున్నాడు. ఆ నూనె డబ్బా వేసవంతా ఆ కిటికీ గట్టు మీదే ఉండేది. ఆమె కోటు తీయకుండానే చెప్పేసింది. కూచుంటే చెప్పలేనని తెలుసు.

అతను గుడ్డ కింద పెట్టాడు.

"వాళ్ళు అడిగారా, వెర్నమ్మా?"

"లేదు."

"ఎవరూ అడక్కపోయినా చెప్పారా?"

"చెప్పాను."

"ఆ నియమం నాకు తెలీదు. తెలిస్తే నేనే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణి కాదేమో." అతని ఇంగ్లీషు ఈ ఏడాదిలో బాగా కుదురుకుంది. అది ఈ బల్ల దగ్గరే కుదురుకుంది. "మీరు మాత్రం చెప్పకుండా ఉండాల్సింది. మీరు కాదు చెప్పాల్సింది."

"నువ్వు ఇక్కడికే తిరిగి రావాలని కూడా ఉంది నాకు. అది కూడా వాళ్ళకి చెప్పాను."

అతను చేతితొడుగు తీసుకుని లేచాడు.

"వచ్చే ఏడు పంపిస్తే," అన్నాడు, "నేను వేరే ఇంట్లో ఉంటాను."

మెట్లెక్కి పోయాడు. పైన పెట్టె లాగిన చప్పుడు, సొరుగులు తెరిచిన చప్పుడు వినిపించాయి. వెర్నా కోటు తీసి, బంగాళాదుంపలు తొక్క తీయడం మొదలుపెట్టింది. ఇద్దరికి సరిపడా తీసింది. తినడానికి దిగకపోయినా వండాలి కదా.

చీకటి పడుతుండగా అలవాటుగా రేడియో పెట్టింది. ఆ ఏటికి లైల్ ఆఖరి కార్యక్రమం. బహుమతి డేల్ హోఫర్‌కి వచ్చిందని చెప్పాడు. డేల్ ఆట గురించి పొగడవలసినంతా పొగిడాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్క మాట. నిరుడు మిచెల్ ఊళ్ళో వానలో జరిగిన ఆట మీలో చాలామంది నా నోట విన్నారు. అప్పుడు నేను ఒక పేరు తప్పు చెప్పాను. ఆ ఆఖరి ఘట్టం మళ్ళీ చెప్తాను, వినండి."

పెన్సిలు చెక్కమీద మెల్లిగా తగిలింది. వాన, బురద, తడిసిన బంతి. క్యాచర్ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఆన్సెల్మో రీవాస్. లైల్ ఆ పేరుని తొందరపడకుండా, ఒక్కో అక్షరం దించి పెట్టినట్టు పలికాడు. మొదటి బంతి వదిలేశాడు రీవాస్. రెండోది కూడా. మూడోది.

చెక్క ఫెళ్ళుమంది.

వెర్నా వెనక్కి తిరిగితే అతను మెట్ల మీద నిలబడి ఉన్నాడు, సగం మడిచిన చొక్కా చేతిలో పట్టుకుని. బంతి ఎడమ కంచె దాటి చీకట్లోకి పోయిందని లైల్ చెబుతున్నాడు.

"కుడి," అన్నాడు ఆన్సెల్మో.

"ఏంటి?"

"బంతి ఎడమకి పోలేదు. కుడి కంచె మీంచి పోయింది. అక్కడొక గుర్రం కట్టేసుంది. బెదిరింది."

"లైల్‌కి చెప్పనా?"

అతను కొంచెం ఆలోచించాడు. "వద్దులెండి. పేరు సరిగ్గానే చెప్పాడు."

కిందికి దిగి వచ్చి బల్ల దగ్గర కూచున్నాడు. ఇద్దరూ తిన్నారు. ఉప్పు అందించమన్నాడు, ఆమె అందించింది. అంతకు మించి ఆ రాత్రి ఏమీ జరగలేదు.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర అతను ఆమెని కౌగిలించుకున్నాడు, మిగతా కుర్రాళ్ళలాగే, కాస్త తొందరగా. వస్తానని అనలేదు. ఆమె అడగలేదు. బస్సు ధాన్యం గిడ్డంగి మలుపు తిరిగే వరకూ చెయ్యి ఎత్తకుండా నిలబడింది. ఎత్తితే దించడం కష్టమని ఆవిడ ఎన్నో ఏళ్ళ కిందటే తెలుసుకుంది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే కిటికీ గట్టు మీద నూనె డబ్బా కనబడింది. మూత గట్టిగా బిగించి ఉంది. కింద గుడ్డ నాలుగు మడతలు వేసి ఉంది. మరిచిపోయినవాడు గుడ్డ అలా మడవడు. కానీ తొందరలో ఉన్నవాడు కూడా అలవాటుగా మడవచ్చు. ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ కదిపి చూసింది. లోపల ఇంకా సగం ఉంది.

గట్టు తుడిచి, ఎక్కడిది అక్కడే పెట్టింది. పైకి వెళ్ళలేదు. దుప్పట్లు రేపు తీయవచ్చు.