చెల్లెలి వంతు

అమెరికాలో మా లాండ్రీ వెనక గదిలో, కిమ్చీ పచ్చడికని క్యాబేజీ రేకుల మధ్య ఉప్పు చల్లుతుంటే ఫోన్ మోగింది. కొరియాలో మా ఊళ్ళోనే ఉండిపోయిన చెల్లెలు బున్‌యీ.

"అక్కా, నాకు కడుపులో క్యాన్సరంట. గింజంతేలే. నోట్లోంచి గొట్టం పంపి దాంతోనే గీకేశారు. ఇదిగో, మిరపకాయలు ఎండబోస్తున్నా!"

"నొప్పి తెలీలేదా?"

"నొప్పేంటి? సరిసంఖ్య సంవత్సరంలో పుట్టినోళ్ళం గదా, ఈ సంవత్సరం కడుపు పరీక్ష నా వంతని సర్కారు కాగితం వచ్చింది. నీదీ నాలాగే గదా, రాలేదా? అమెరికా గదే, నీకింకా ముందే చూసుంటార్లే."

తోబుట్టువు బతికిందంటే సంతోషపడాలి. నాకు ఏడుపొచ్చింది, అసూయతో. ముప్పై ఏళ్ళ క్రితం నేను అమెరికా బయల్దేరుతుంటే నా పెట్టె పట్టుకుని అది కుళ్ళి కుళ్ళి ఏడ్చింది, తనకా రాత లేదని. ఇద్దరం ఒకే గిన్నెలో చెంచాలు ముంచి పులుసు తాగినవాళ్ళం. ఆ గిన్నెలోనే తాగిన అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. దానికి కాగితం వచ్చింది. నాకు పదకొండు నెలలుగా, అందరూ తిన్నాక నిలబడి తినే ఆ నాలుగు మెతుకులు కూడా దిగడం లేదు.

"వయసొచ్చింది, అరగదు. కిమ్చీ నువ్వు మానెయ్, నాకు పెట్టు," అని మా ఆయన నవ్వుతాడు.

నా ఇంగ్లీషు చొక్కా, గుండీ, గురువారం దగ్గర ఆగిపోతుంది. డాక్టరు దగ్గర నా కడుపు గురించి ఆయనే మాట్లాడతాడు. మూడుసార్లు వెళ్ళాం, మూడుసార్లూ మాత్రలే. ఈ దేశంలో కడుపు క్యాన్సర్ అరుదట, మా కొరియాలో మామూలే. ఎవరికి అరుదో డాక్టరు చెప్పలేదు, మా ఆయన అడగలేదు.

"అమ్మ సంగతి చెప్పారా?" అని కారులో అడిగాను.

"మనింటి చావులు వాళ్ళకెందుకే? గ్యాస్ అన్నాను."

ఇప్పుడు బున్‌యీ మిరపకాయలు కళ్ళ ముందు ఎర్రగా కదులుతున్నాయి. అవి నావి కావాలనిపించింది. ఆ ఎండ, ఆ నడుం వంగడం, అంతా.

చేతులు కడుక్కున్నాను. ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించాను.

"ఎక్కడికే? క్యాబేజీ?" ముందు గదిలోంచి మా ఆయన.

"గంటాగి మీరు తిరగెయ్యండి. డాక్టరు దగ్గరికి వెళ్తున్నా."

"నేను లేకుండానా? అక్కడ మాట్లాడేదెవరు?"

"నేనే."

బస్సులో దారంతా మూడు ఇంగ్లీషు మాటలు గొణుక్కుంటూ పోయాను. అమ్మ. కడుపు. క్యాన్సర్.