రెండో భాగంలోనే పోయిన తాత

తాత రెండో భాగంలోనే పోయాడు. కథంతా ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ మనిషినే మొదట్లో పంపించేసిన దర్శకుడి గుండెధైర్యానికి ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది. సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నదల్లా కాళ్ళు కిందికి దించి, "అత్తయ్యా, చంపేశాడు!" అని కేక పెట్టింది.

వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎవడు? ఎవర్ని?"

"సీరియల్లో లిఫ్టు తాతని! అప్పుడే, రెండో భాగంలోనే!"

"ఓసి నీ దుంప తెగ! పక్కింట్లో ఏమైందోనని హడలి చచ్చాను కదే," అంటూ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అయినా వెనక్కి వెళ్ళలేదు. గరిటె పట్టుకునే సోఫా అంచున కూర్చుని, "ఇంతకీ ఏం జబ్బట?" అని అడిగింది.

ఆమె ఆ ఇంటికి కొత్త కోడలు. ఎంత కొత్త అంటే, బీరువా తలుపు ఎటు లాగితే తెరుచుకుంటుందో ఇంకా ఒక్కోసారి తికమక పడుతుంది. ఆ తికమక కూడా ఆమెకు సంబరమే. పెళ్ళికి ముందు తన కామిక్సు ఎక్కడ పెట్టుకోవాలా అని బెంగపడింది. వచ్చి చూస్తే, భర్త తన పుస్తకాలన్నీ మంచం కింద సూట్‌కేసులోకి తోసేసి, అలమర అరలన్నీ ఖాళీగా తుడిచి ఉంచాడు. పైగా, "సరిపోతాయా?" అని భయంభయంగా అడిగాడు. ఆ ఒక్క మాటకే ఆమె అతనికి జన్మంతా రాసిచ్చేసింది. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో కంటి పరీక్షలు చేస్తాడు. రోజూ పొద్దున్నే ఆమె కళ్ళజోడు తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో ఎత్తి చూసి, తనే ఆమె ముక్కు మీద పెడతాడు. పెట్టాక లోకం కొత్తగా అచ్చేసినట్టు కనిపిస్తుందని ఆమె స్నేహితురాళ్ళకు చెబితే వాళ్ళు మూతులు తిప్పుకున్నారు.

ఆమెలాంటి పిచ్చివాళ్ళే నడుపుకునే పత్రిక ఒకటి నెట్‌లో ఉంది. కొత్త పుస్తకాలు, కామిక్సు, యానిమేషన్ సీరియళ్ళు జనంలోకి రాకముందే చూసి, ఎలా ఉన్నాయో తోటి పిచ్చివాళ్ళకు చెప్పడం దాని పని. జీతాలు లేవు గానీ పంతాలకు కొదవలేదు. అక్కడ అందరికీ మారుపేర్లే. ఆమె పేరు బొమ్మలపిల్ల. సంపాదకుణ్ణి అందరూ అన్నగారంటారు. ఆయన అసలు పేరేమిటో ఆయనకైనా గుర్తుందో లేదో.

ఇన్నాళ్ళూ ఆమె కామిక్సు మీద చిన్నచిన్న ముక్కలు రాస్తూ వచ్చింది. ఈమధ్య యానిమేషన్ పేజీ చూసుకునే ఆవిడ ఊరు మారి మానేసింది. అన్నగారు ఫోన్ చేసి, "లిఫ్టు తాత అని కొత్త సీరియల్ వస్తోంది. అందరికంటే ముందు మనకి పంపారు. నువ్వు రాయి. బాగా వస్తే పేజీ నీ చేతిలో పెడతాను," అన్నాడు. ఆ పేజీ మీద ఆమెకు కాలేజీ రోజుల నుంచీ కన్ను. పరీక్షలకు చదవాల్సిన పుస్తకం మధ్యలో ఫోన్ దాచి మరీ చదివిన పేజీ అది.

పత్రికకు ఒక నియమం ఉంది. ముందు చూడాలి, తర్వాతే చదవాలి. తీసినవాళ్ళు తమ సీరియల్ గురించి తాము రాసుకున్న కాగితం ఏదైనా వెంట వస్తే, అన్ని భాగాలూ చూడటం అయ్యేదాకా దాని మొహం చూడకూడదు. వాళ్ళ మాట ఒకసారి చెవిలో పడితే మన కన్ను మన మాట వినదని అన్నగారి సిద్ధాంతం. ఆమె ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఫైళ్ళ మీద అంకెలున్నాయి. ఆ అంకెల వరుసలో చూసుకుంటూ పోయింది.

మూడో భాగంలో తాత ఈలవేస్తూ లిఫ్టు తలుపు తీశాడు.

"పోయాడన్నావు?" అంది అత్తగారు.

"పోయాడత్తయ్యా. మీరూ చూశారుగా."

"చూశాను. ఖాళీ స్టూలు, దాని మీద టోపీ. పోయాడని ఎవరన్నారు? ఉద్యోగం మారుంటాడు."

ఆమెకు బుర్ర గిర్రున తిరిగింది. నాలుగో భాగంలో తాతకు జుట్టు నల్లగా ఉంది. ఐదో భాగంలో మనవరాలి పేరే మర్చిపోయాడు. ఆ తర్వాతి దాంట్లో అదే మనవరాలికి గుణింతాలు నేర్పుతున్నాడు. ఎటు పోతోందో తెలియదు. కానీ ఆ తెలియకపోవడంలో ఏదో హాయి ఉంది, గిలిగింతలు పెట్టినట్టు. ఉన్నట్టుండి ఆమెకు తట్టింది. ఇవన్నీ తాత పోయాక మనవరాలికి వచ్చే జ్ఞాపకాలు! జ్ఞాపకాలు వరుసలో రావు కదా! లిఫ్టు ఏ అంతస్తులో ఆగితే ఆ జ్ఞాపకం! ఆమెకు కళ్ళజోడు లోపల ఆవిరి కమ్మేసింది. కళ్ళు తుడుచుకుంటూనే కూర్చుని, ఒక్క ఊపున సమీక్ష రాసేసింది. ఇంత సాహసం ఇంతవరకూ ఏ సీరియల్‌లోనూ చూడలేదని, ఐదుకు ఐదు నక్షత్రాలూ ఇవ్వాల్సిందేనని.

మధ్యాహ్నం భోజనానికి భర్త వచ్చాడు. తోడుగా ఉంటుందని పొద్దున్నే అతనికీ ఆ సీరియల్ లింకు పంపింది. దుకాణంలో బేరాలు పలచగా ఉండటంతో ఫోన్‌లో అన్ని భాగాలూ చూసేశాడు. చేతులు కడుక్కుంటూ, "ఏమోయ్, భలే ఉంది. కానీ ఆ రెండో తాత మంచివాడా, చెడ్డవాడా? అదొక్కటే తేల్లేదు," అన్నాడు.

"రెండో తాత ఎవరండీ?"

"అదే, కవలలు కదా."

"కవలలేమిటండీ! ఉన్నది ఒకే తాత."

"ఒకే తాతయితే పొద్దున నల్లజుట్టుతో ఉండి, కాసేపటికి తెల్లజుట్టుతో వచ్చి, మళ్ళీ నల్లజుట్టుతో ఎలా వస్తాడు? తెల్లజుట్టాయనకి పిల్ల ఎవరో కూడా తెలీదు. నల్లజుట్టాయన ఎత్తుకు తిప్పుతాడు. అన్నదమ్ముల మధ్య ఏదో ఉంది. లిఫ్టు కోసమే గొడవ."

"అవి జ్ఞాపకాలండీ! మీరు దుకాణంలో ఎవరికో కళ్ళు చూస్తూ చూసుంటారు."

"నువ్వు ఏడుస్తూ చూసుంటావు. అప్పుడు మాత్రం సరిగ్గా కనిపిస్తుందా?"

"ఇద్దరూ ఆపండి," అంది అత్తగారు కంచాలు పెడుతూ. "ఆయన ఉద్యోగం మారాడు. అక్కడ నచ్చక తిరిగొచ్చాడు. మీ నాన్న రెండుసార్లు చేశారు ఆ పని."

భోజనాలు చల్లారిపోయాయి. అతని ఫోన్, ఆమె కంప్యూటర్ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, ఫోన్ ఫైళ్ళను పేర్ల వరుసలో పేర్చిందని. "చూశారా! మీరు చూసిందే తప్పు. నాది అంకెల వరుస," అని ఆమె ఎగిరి గంతేసింది. అదే ఊపులో అన్నగారికి ఫోన్ చేసి, తాత రెండో భాగంలో పోవడం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"అమ్మా బొమ్మలపిల్లా," అన్నాడు అన్నగారు. "తాత పోయేది ఆఖరి భాగంలో."

"కాదన్నా, రెండు అని అంకె ఉంది."

"అది వాళ్ళు గీసిన వరుస. ఏ భాగం ముందు గీస్తే దానికి ముందంకె. చూసే వరుస ఆ వెంట వచ్చిన కాగితంలో ఉంటుంది."

"కాగితం ముందు చదవకూడదు కదన్నా!"

"చదవకూడదు. వరుస ఒక్కటీ చూసుకుని మూసేస్తాం. పాతవాళ్ళందరికీ అలవాటే. నీకు చెప్పాలని నాకు తట్టలేదు. సరే, ఇంకోసారి చూసి సాయంత్రానికి పంపించు."

మళ్ళీ చూసింది. ఈసారి తాత కుర్రవాడుగా లిఫ్టులో చేరాడు, మనవరాలు పుట్టింది, గుణింతాలు నేర్చింది, తాతకు జుట్టు నెరిసింది, మతిమరుపు వచ్చింది, పోయాడు. నీటుగా ఉంది. చక్కగా మడతపెట్టిన దుప్పటిలా ఉంది. ఎక్కడా బుర్ర తిరగలేదు. ఎక్కడా కళ్ళజోడుకు ఆవిరి పట్టలేదు. మరి పొద్దున అంత ఏడ్చింది దేనికి? సీరియల్ గొప్పదా, పొరపాటు గొప్పదా? అసలు ఒకసారి ఏడ్చేశాక రెండోసారి ఏడుపు రాకపోవడం సీరియల్ తప్పెలా అవుతుంది? ఆమె తల పట్టుకుంది.

"ఏవండీ, ఏది బాగుందో నాకు తెలీడం లేదు," అంది కునుకు తీసి లేచి దుకాణానికి బయల్దేరుతున్న భర్తతో.

అతను చెప్పులేసుకుంటూ ఆగాడు. "మా దగ్గరా అంతే. ఒక అద్దం పెట్టి, తీసి ఇంకోటి పెట్టి, ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా అని అడుగుతాం. చాలామంది మొహమాటానికి ఇప్పుడే అంటారు. నాకు వాళ్ళతోనే భయం. తెలీడం లేదండీ అన్నవాళ్ళకి జోడు సరిగ్గా కుదురుతుంది."

"తెలీడం లేదన్నవాళ్ళని ఏం చేస్తారు?"

"రేపు రమ్మంటాం."

"నాకు రేపు లేదుగా!"

అతను ఆమె కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టాడు. చొక్కాతో తుడవడం అతని వృత్తికే అవమానం. ఆ సంగతి తెలుసు కాబట్టి ఆమెకు ఇంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

కూర్చుని కొత్తగా రాసింది. సరైన వరుసలో చూస్తే లిఫ్టు తాత మంచి సీరియల్, మూడు నక్షత్రాలు. కింద ఇంకో పేరా చేర్చింది. తను మొదట తప్పు వరుసలో చూశానని, అప్పుడు వెక్కివెక్కి ఏడ్చానని, ఆ ఏడుపును లెక్కలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక వదిలేశానని. పంపించి, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

ఫోన్ మోగింది. "బాగుంది," అన్నాడు అన్నగారు. "ఆ చివరి పేరా తీసెయ్. పేజీ రేపటి నుంచి నీదే."

"తీసెయ్యాలా?"

"మన నియమం నలుగురిలో నవ్వులపాలవదూ? చూడకముందు చదవం అని రొమ్ము విరుచుకుని తిరుగుతున్నాం. వరుస కూడా చూసుకోకుండా సమీక్షలు రాస్తామా అంటారు. తీసేస్తే అబద్ధమేం కాదుగా. మిగతాదంతా నిజమే."

నిజమే. తీసేస్తే ఒక్క అబద్ధమూ మిగలదు. పైగా పేజీ చేతికొస్తుంది. ఆమె వేలు ఆ పేరా మీద పెట్టింది, తీసింది. అత్తగారు వాకిట్లో బట్టలు తీస్తూ ఇటే చెవి వేసింది.

"అన్నా," అంది ఆమె చివరికి. "తీసేస్తే మూడు నక్షత్రాలే ఎందుకిచ్చానో చదివేవాళ్ళకి తెలీదు. నాకే సరిగ్గా తెలీదనుకోండి. ఆ తెలీకపోవడం ఒక్కటే నేను ఖాయంగా చెప్పగలిగింది. అది ఉండనివ్వండి."

"పేజీ వద్దా?"

"కావాలి. చాలా కావాలి. కానీ అది ఉండాలన్నా."

"సరే, నీ ఇష్టం. పేజీ సంగతి తర్వాత చూద్దాంలే," అని ఆయన పెట్టేశాడు.

తర్వాత చూద్దాం అంటే అర్థమేమిటో ఆమెకు తెలుసు. అత్తగారు బట్టల మూట సోఫాలో పడేసి, పక్కన కూర్చుని ఒక దుప్పటి రెండు కొసలు ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ మడతపెట్టారు.

మర్నాడు సెలవు అయిపోయి ఆఫీసుకు వెళితే ఆమెకు ఊపిరి సలపని పని. నీళ్ళ ఫిల్టర్లు పాడైన వాళ్ళంతా ఆమెకే ఫోన్ చేస్తారు. ఎవరి ఇంట్లో నీళ్ళు ఎందుకు రావడం లేదో రాసుకుంటుండగా, మధ్యలో అన్నగారి నంబరు మోగింది.

"చూశావా?" అన్నాడు కోపంగా. "నీ సమీక్ష పెట్టాను. పేరాతో సహా. ఒక్కడు నవ్వలేదు. అందరూ ఒకటే గొడవ, ఆ తప్పు వరుస ఏదో చెప్పమని. సీరియల్ రాగానే అలాగే చూస్తారట! పొద్దున్నుంచి నా ప్రాణాలు తోడేస్తున్నారు. వెళ్ళి జవాబు చెప్పు."

"నేనా?"

"పేజీ చూసుకునేవాళ్ళు కాక ఎవరు చెప్తారు?"

"అంటే పేజీ నాదేనా అన్నా?"

"మరి మా తాతదా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నీళ్ళు రావడం లేదని ఫోన్ చేసిన పెద్దాయనకు ఆమె, "చాలా సంతోషమండీ," అని చెప్పేసింది.

సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చి కంప్యూటర్ తెరిస్తే, సీరియల్ లింకు మూసేసి ఉంది. ముందుగా చూడటానికి ఇచ్చిన గడువు అయిపోయింది. వచ్చిన కాగితంలో ఉన్నది సరైన వరుస. ఆ వరుసతో ఆమెకు పని లేదు. మూడు వరుసలూ ఒకే రోజు తలలో కలిసిపోయి, ఏది దేని తర్వాతో ఒక్క ముక్క తేలడం లేదు.

"గుణింతాల తర్వాత మతిమరుపు," అంది.

"మతిమరుపు తర్వాత గుణింతాలు. నువ్వే కదా నాతో వాదించావు!" అన్నాడు భర్త.

"మీరు కవలలన్నారు. మీ మాట చెల్లదు."

"నువ్వు జ్ఞాపకాలన్నావు, నీకు జ్ఞాపకం లేదు!"

అత్తగారు ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుంది. "నాకు తెలుసు. నేను చెప్తా, రాసుకో. మొదట పిల్లాడు లిఫ్టులో చేరాడు. తర్వాత ఉద్యోగం మారాడు..."

"అత్తయ్యా, ఉద్యోగం మారలేదు!"

"నువ్వు రాయవే," అంది ఆవిడ. "చూసినవాళ్ళు వాళ్ళే తేల్చుకుంటారు."

ఆమె నవ్వుతూ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. 'వరుస గుర్తులేదు. మా ఇంట్లో ముగ్గురం మూడు చెబుతున్నాం,' అని కొట్టింది. ఇంకా పంపే మీట నొక్కకముందే పక్కనుంచి అత్తగారి వేలు తెర మీదికి వచ్చింది.

"నాది ముందు పెట్టు," అంది ఆవిడ.